రాగి తీగ వెంట, కోయంబత్తూరు నుంచి వాడిపట్టి దాకా

కోయంబత్తూరు బండి ఎక్కేవాళ్ళలో సగం మంది ఊటీకి పోతారు, మిగిలిన సగం మోటారు పంపుల పని మీద పోతారు. నేను పోయింది ఒక్క ప్రశ్న అడగడానికి. నా పెట్టెలో రెండు చీరలు, ఒక శాలువా, ఒక మిఠాయి డబ్బా, తీగ అంతా అయిపోయిన ఒక చెక్క కండె ఉన్నాయి. ఆ ఖాళీ కండె కోసమే ఈ ప్రయాణమంతా. ఎందుకో చెప్పాలంటే నా పని గురించి నాలుగు ముక్కలు చెప్పక తప్పదు. విసుక్కోకండి.

హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో నా ఉద్యోగం. కరెంటు పారని ఆక్సైడ్లు రెండింటిని పొరమీద పొరగా పేరిస్తే, చిత్రంగా, అవి కలిసే చోట మాత్రం కరెంటు పారుతుంది. ఆ కలిసే చోటును వెంట్రుకలో వెయ్యో వంతు వెడల్పున గీతలాగా మిగిలిస్తే అదే క్వాంటమ్ తీగ. అందులో ఎలక్ట్రాన్లు ఇరుకు సందులో మనుషుల్లాగా ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. ఆ తీగను మైనస్ రెండు వందల అరవై డిగ్రీల చలిలో ఉంచి, ఒక కొసను ఇసుమంత వెచ్చచేస్తాను. వెచ్చని కొస నుంచి చల్లని కొసకు ఎలక్ట్రాన్లు జరుగుతాయి. ఆ జరుగుబాటుతో పుట్టే బుల్లి వోల్టేజీని కొలుస్తాను. తొమ్మిదేళ్ళుగా ఇదే పని. నేను, యంత్రం, పంపు చప్పుడు.

మూడేళ్ళ కిందట ఆ కొలతల గీతలో ఒక మూపురం లేచింది. ఎద్దు మూపురంలాగా, ప్రతిసారీ అదే చోట. అంతకుముందు ఎవరూ చూడనిది. రాసి పంపితే ఒక పత్రికలో వేశారు కూడా. ఇక దేశదేశాల నుంచి ఉత్తరాలే ఉత్తరాలు అనుకున్నాను. మూడేళ్ళలో ఒక్క మనిషి ఒక్క మాట అడిగితే ఒట్టు. చివరికి ఈ ఏడాది, ఎక్కడో చలిదేశం నుంచి ఒక పరిశోధకుడు రాశాడు. రెండే వాక్యాలు. మీ మూపురం మాకు రావడం లేదు. మీరు కొలవడానికి వాడిన రాగి తీగలు ఎక్కడివి?

రాగిలో లక్షకు ఒక పాలు ఇనుము కలిసినా చాలు, అంత చలిలో ఆ రాగే అచ్చం ఇలాంటి మూపురం చూపిస్తుంది. అంటే నేను మూడేళ్ళుగా నాదని మురిసింది నా తీగది కాక, దానికి కట్టిన రాగిది అయి ఉండవచ్చు. యంత్రంలో ఉన్న రాగిని తెంపి పరీక్షకు పంపరాదా అని మీరు అడగవచ్చు. దాన్ని తెంపితే దాంతోపాటు నా క్వాంటమ్ తీగా తెగిపోతుంది. పనిచేసేది అదొక్కటే మిగిలింది. అది పోతే మళ్ళీ అంతటిది చేయడానికి ఎన్నేళ్ళో. ఆ రాగిని తెప్పించిన మా ప్రయోగశాల పెద్దాయన పోయి ఆరేళ్ళయింది. మిగిలింది ఈ కండె. దాని మీద తమిళ అక్షరాల్లో ఏదో రాసిన చీటీ, కింద ఇంగ్లీషులో కోయంబత్తూరు చిరునామా. తీగ చేసిన మనిషి శుద్ధ రాగే అంటే, అదే పోతలో మిగిలిన ముక్క ఒకటి ఇస్తే, నా తీగ బతుకుతుంది.

గణపతి

కోయంబత్తూరులో గణపతి అంటే ఒక పేట. వీధి పొడవునా లేత్ యంత్రాల రొద. కర్మాగారాన్ని అక్కడ పట్టరై అంటారు. రంగసామి నాయుడి పట్టరై చివరన, వేపచెట్టు పక్కన ఉంది. ఆయనకు డెబ్బై ఉంటాయి. తెల్ల పంచె, చేతులకు నూనె మరకలు. నేను తెలుగులో పలకరించగానే లేత్ ఆపేశారు.

"వాంగ మా, రండి. హైదరాబాదు నుండే వస్తిరా? ఒంటిగానా?"

"ఒంటిగానేనండీ."

"అయ్యో. ముందు కాపీ తాగండి. అప్పురం మాట్లాడదాం."

వస్తిరి, తింటిరి, పోతిమి. మన దగ్గర పద్యాల్లోకి పోయి పడుకున్న మాటలు అక్కడ కాపీ గ్లాసుల మధ్య తిరుగుతున్నాయి. వాళ్ళ పెద్దలు ఈ నేలకు వచ్చి ఎన్ని వందల ఏళ్ళయిందో ఆయనకూ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నేను "టిఫిన్ చేశాను" అంటే ఆయన భార్యకు నవ్వొచ్చింది. టిఫిన్ చేయడమేమిటి, తింటారు గానీ, అని.

కండె తీసి ఆయన చేతిలో పెట్టాను. చీటీ చూసి కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"ఈ అరవం నాకు చదవడం రాదండీ. అందులో ఏముంది?" అన్నాను.

"అరవం కాదు మా, తెలుగే. ఎళుత్తు మాత్రం అరవం. మాకు తెలుగు రాసేది రాదు గదా." వేలు పెట్టి ఒక్కో మాట చదివారు. "వెంకటసామి లాగిన తీగ. సుద్ధ రాగి. అమ్మణ్ణి చెయ్యి పడింది."

తొమ్మిదేళ్ళు నా బల్ల మీద ఉన్న చీటీ. నా భాషే, నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎవరినైనా చదవమని అడగాలని కూడా నాకు తోచలేదు. సిగ్గేసింది.

వెంకటసామి వాళ్ళ పట్టరైలో మేస్త్రీ అట, పోయి చాలా కాలమైంది. మూసలో రాగి కరిగించి, కడ్డీ పోసి, దాన్ని కమ్మచ్చులో లాగేవాడట. కమ్మచ్చు అంటే వరసగా చిన్నవయ్యే బెజ్జాలున్న ఉక్కు పలక. పెద్ద బెజ్జంలో దూర్చి లాగిన తీగను తరువాతి బెజ్జంలో, ఆపైన ఇంకా చిన్నదాంట్లో, అలా నూలుపోగంత అయ్యేదాకా లాగుతారు.

"ఆ ఉక్కు రాగికి అంటదా?" అని అడిగాను.

"పైన అంటొచ్చు. ఆసిడ్‌లో కడిగేస్తాం. లోన సుద్ధం. నా గేరంటీ."

పైన అంటిందైతే భయం లేదు, మేమూ కడిగే వాడతాం. కుర్చీలో వెనక్కి వాలాను. "మరి అమ్మణ్ణి చెయ్యి అంటే?"

ఆయన నవ్వారు. "వాడి పెండ్లాము. మంచి పని బయటికి పోతే ఆమె చెయ్యి పడాలని వాడికి ఒక నమ్మకం. ఏం చేస్తాదో నేను అడగలేదు మా. మిగిలిన తీగ ఉంటే ఆమె దగ్గరే ఉండాల. ఇప్పుడు వాడిపట్టిలో తమ్ముడింట్లో ఉండాది, మదురై పక్క. ఫోన్ చేసి లాభం లేదు, చెవులు వినపడవు. నేరుగా పోండి."

భోజనం పెట్టందే కదలనివ్వలేదు. ఆకులో అన్నం, ఉలవల పప్పు, చారు, చిక్కటి మజ్జిగ. ఉలవలంటే మన దగ్గర చారు. అక్కడ వేయించి, రుబ్బి, వెల్లుల్లి వేసిన ముద్ద. దాని ముందు ఏ వంటకమైనా బలాదూరే. ఆవకాయ ఉందా అని అడిగి పరువు తీసుకున్నాను. వడ్డిస్తూ ఆవిడ, పిల్లలెందరు అంది. లేరన్నాను. ఆయనేం చేస్తారంది. విడిపోయామన్నాను. ఆవిడ ఇంకో గరిటె అన్నం వేసింది. మీరు ఎవరింటికైనా ఒంటరిగా భోజనానికి పోతే తెలుస్తుంది, జాలి ఎప్పుడూ అన్నం రూపంలోనే వస్తుంది.

కారమడై, మేట్టుపాళయం

మర్నాడు ఆదివారం. మదురై బస్సు సాయంత్రానికి. ఈలోగా కారమడై రంగనాథుణ్ణి చూడకపోతే పాపమని రంగసామి గారు అన్నారు. వాళ్ళింట్లో మగవాళ్ళందరి పేర్లలోనూ ఆ రంగడు ఉన్నాడు మరి.

గుళ్ళో అర్చన చీటీ తీసుకున్నాను. అర్చకుడు పేరు, నక్షత్రం అడిగాడు. చెప్పాను. ఆయన పళ్ళెం పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"ఇంకా?" అన్నాడు తమిళంలో.

"అంతే."

నా ముందున్నాయన పదకొండు పేర్లు చదివించాడు. నా వంతు తుమ్మినంత సేపట్లో అయిపోయింది. ఒక సంగతి ఒప్పుకోవాలి. భౌతికశాస్త్రం చదువుకున్నదాన్ని, ఆ కాస్త సేపట్లో నేను దేవుణ్ణి కోరింది, స్వామీ, అది శుద్ధ రాగి అయి ఉండాలి, అని. ఎప్పుడో కరిగి గడ్డకట్టిన రాగిని ఇప్పుడు దేవుడు మాత్రం ఏం చేస్తాడు? అయినా కోరాను.

అక్కడి నుంచి మేట్టుపాళయం దగ్గరే. వక్కల మండీలు, కూరగాయల లారీలు, వాటి మీదుగా నీలగిరులు. కొండరైలు ఎక్కుదామని ఆశపడ్డాను. టికెట్లు ఎన్నడో అయిపోయాయట. రెండు పట్టాల నడుమ పళ్ళున్న పట్టా ఒకటి ఉంటుంది, ఇంజను ఆ పళ్ళను పట్టుకుని కొండెక్కుతుంది. ఆ ఇంజనును చూసి తృప్తిపడ్డాను. రైలు కదిలింది. కిటికీల్లో పిల్లలు చేతులూపారు, నేనూ ఊపాను. వాళ్ళు ఊపింది నా వెనక నిలబడిన తాతయ్యకు. చెయ్యి దించి, పక్క కొట్లో నాలుగు ఇడ్లీలు తిన్నాను. నలభై రూపాయలు, మూడు పచ్చళ్ళు, అడగకుండానే రెండోసారి సాంబారు. హైదరాబాదులో ఆ డబ్బుకి ప్లేటు చూపిస్తారు.

మదురై

మదురైలో మొదట చేసిన పని, జిగర్‌తండా తాగడం. పాలు, సబ్జా గింజల్లాగా మెత్తగా నానిన బాదం బంక, నన్నారి అనే సుగంధి వేళ్ళ షర్బత్తు, పైన గడ్డకట్టిన మీగడ. ఎండలో నడిచొచ్చి గటగటా రెండు గ్లాసులు తాగాను. పొద్దుటికి గొంతు పోయింది. మైనస్ రెండు వందల అరవైతో తొమ్మిదేళ్ళు కాపరం చేసినదాన్ని మదురై ఐసు ముక్క పడగొట్టింది. ఈ మాట చెప్పి నవ్వుకోవడానికి పక్కన మనిషి లేకపోవడం ఆ రోజు నిజంగా బాధనిపించింది.

మిరియాల కషాయం కోసం వెతుకుతూ ఒక చీరల కొట్లో ఆగాను. కొట్టామె ఫోనులో తెలుగు మాట్లాడుతోంది. నేనూ బొంగురుపోయిన గొంతుతో తెలుగు మొదలుపెట్టాను. ఆమె చాలాసేపు విని, "మీరు మాట్లాడేది సినిమా తెలుగు అక్కా. మాది ఇంటి తెలుగు," అంది. నేను కొన్న నూలు చీర నాలుగు వందల యాభై. ఎవరికి అని అడిగింది. నాకే అన్నాను. అయితే మంచి రంగు చూసి తీస్తానని, మడత పెట్టినవన్నీ మళ్ళీ విప్పింది. కషాయం కూడా వాళ్ళింటి నుంచే వచ్చింది.

వాడిపట్టి

కొబ్బరితోటలు, వరిమళ్ళు, మధ్యలో పెంకుటింటి వాకిలి. అమ్మణ్ణి అవ్వకు ఎనభై దాటాయి. ఆమె చెవులు వినవు, నా గొంతు పలకదు. ఇంతకన్నా మంచి జోడీ దొరకదు. వాళ్ళ తమ్ముడి కోడలు రాజమ్మ మా మధ్య కూర్చుని, నేను గుసగుసగా అన్నదాన్ని అవ్వ చెవిలో అరిచి చెప్పింది.

కండె చూడగానే అవ్వ దాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. "ఆయన చెక్కిందే," అంది.

"ఈ తీగకి నీ చెయ్యి పడిందట. ఏం చేశావు అవ్వా?"

"ఏం చేస్తా? చీల వేస్తిని."

రాజమ్మ నా వైపు తిరిగి, "మేకు అక్కా. ఇనప మేకు," అంది.

నాకు స్పష్టంగానే వినిపించింది. అయినా మళ్ళీ అడిగించాను.

"దూరం పోయే పని తాయీ," అంది అవ్వ. "తెలీని ఊరు, తెలీని కండ్లు. మూసలో రాగి కాగేటప్పుడు చీలతో దిష్టి తీసి లోన వేస్తిని. ఇనుముండే చోట కన్ను నిలవదు. అది కరిగేవరకు ఆయన్ని పోయనీలేదు."

"కరిగిందా?"

"సగం కరిగె. మిగిలింది పట్టకారుతో తీసి పారేస్తిమి."

"అన్ని పనులకీ వేసేదానివా?"

"అన్నిటికీ ఏంటికి? మంచి పనికి మాత్రం. మీ సారు వచ్చి, ఈ తీగతో ఎవరూ చూడనిది చూస్తాము అని చెప్పె. ఆమా, అందుకే పెద్ద చీలగా చూసి వేస్తిని."

కోపం వచ్చింది. దాచను. ఎనభై ఏళ్ళ మనిషి మీద, పోయిన మేస్త్రీ మీద, ఆయన ముందు గొప్పలు చెప్పుకున్న మా పెద్దాయన మీద. తొమ్మిదేళ్ళ చలి, సెలవులు లేని వేసవులు, ఒక మనిషి ఇల్లు వదిలి వెళ్తూ "నీకు ఆ యంత్రం చాలు" అన్న మాట. అన్నింటికీ కలిపి నాకు మిగిలింది ఆ మూపురం ఒక్కటే. అది కూడా ఒక మేకు.

ఇంకా ఒక చిన్న ఆశ ఉండింది. సగం కరిగింది ఎంతో, తీగలో చేరిందెంతో, పరీక్ష చేస్తేగాని తెలియదు కదా. మిగిలిన తీగ ఏమైనా ఉందా అని అడిగించాను. అవ్వ కుడి చెయ్యి చాపింది. మణికట్టున మెలిపెట్టిన రాగి కడియం. మిగిలిన తీగనంతా పేని ఆయన చేసిచ్చిందట.

"పరీక్షకు ఒక చిన్న ముక్క కావాలేమో అవ్వా, గోరంత," అని రాజమ్మే నా తరఫున అరిచింది.

అవ్వ కడియం లాగి చూసింది. కణుపులు వాచిపోయి అది రాదు. "కొరడు తీసుకరా రాజమ్మా. కోసుకోనీ. ఆయన చేసింది పనికి వస్తే మంచిదే కదా," అంది. రాజమ్మ లేచింది. కొరడు అంటే కటింగ్ ప్లేయరని తరువాత తెలిసింది. అవ్వ చెయ్యి నా మోకాలి మీద ఉంది. గోరంత ముక్క కోస్తే నా క్వాంటమ్ తీగను ముట్టుకోకుండానే సంగతి తేలిపోతుంది.

వద్దన్నాను. త్యాగమేమీ కాదు. నా దగ్గర తెంపడానికి వేరే రాగి ఉంది, అవ్వ దగ్గర వేరే కడియం లేదు.

అప్పుడు అవ్వ, తన వంతు ప్రశ్న వేసింది. "బాగా పనిచేసెనా? ఎవరి కన్నైనా పడెనా దాని మీద?"

మూడేళ్ళలో వచ్చిన ఒకే ఒక్క ఉత్తరం గుర్తొచ్చింది. "లేదవ్వా. ఎవరి కన్నూ పడలేదు," అన్నాను. ఈసారి రాజమ్మ అవసరం లేకుండానే గొంతు ఎలాగో పలికింది.

"చూస్తివా!" అని అవ్వ రాజమ్మ తొడ మీద చరిచింది. అంత సంతోషం నేను ఈ మధ్య ఎవరికీ కలిగించలేదు.

రాగి సంగటి, ములక్కాడల పులుసు పెట్టారు. మన రాయలసీమ సంగటే. కాకపోతే వాళ్ళు దాన్ని కళి అని కూడా అంటారు, మధ్యలో గుంట చేసి అందులో పులుసు పోస్తారు. బయల్దేరేటప్పుడు అవ్వ దూలం సందులోంచి ఒక చీల తీసి, నా చుట్టూ మూడుసార్లు తిప్పి, చీర కొంగున ముడివేసింది. "ఒంటిగా పోతా ఉండావు," అంది.

తిరిగొచ్చాక

యంత్రాన్ని మామూలు వేడికి తేవడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. తెచ్చాను. రాగిని తెంపాను. సూక్ష్మదర్శినిలో చూస్తే నా క్వాంటమ్ తీగ, అనుకున్నట్టే, నడుమన తెగి ఉంది. రాగిని పరీక్షకు పంపాను. పది రోజుల్లో కాగితం వచ్చింది. ఇనుము ఉంది, లోపలిదాకా ఉంది.

పత్రికకు రాసి, నా వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాను. చలిదేశం పరిశోధకుడికి చీల సంగతి మొత్తం రాశాను, అవ్వతో సహా. జవాబు ఆ రోజే వచ్చింది. మీ మూపురం కోసం రెండేళ్ళు వెతికాను, రాకపోతే నా చేతులే మంచివి కావనుకున్నాను, ఈ గదిలో నాతోపాటు ఎవరూ ఉండరు, అడగడానికి మనిషి లేక మీకు రాశాను, అన్నాడు. అది చదివాక నా తొమ్మిదేళ్ళ కన్నా అతని రెండేళ్ళే నన్ను ఎక్కువ బాధపెట్టాయి.

కొత్త తీగ మొదలుపెట్టాను. కొత్త రాగి, పరీక్ష కాగితాలతో సహా కొన్నది. అవ్వ ఇచ్చిన చీలను పారేయడానికి చెయ్యి రాలేదు. ప్రయోగశాల గుమ్మానికి, బయటివైపు, నా ఎత్తులో కొట్టాను. వచ్చేపోయేవాళ్ళకు తగలకుండా, కనపడేలాగా. ఇది ఎందుకు కొట్టావని ఎవరైనా అడిగితే కూర్చోబెట్టి ఈ కథంతా చెబుదామని ఉంది.

నాలుగు నెలలైంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.